చిన్న అటాచ్డ్ బాత్‌రూమ్: ఇబ్బంది, కారణం, సవరణ

పడకగదికి ఆనుకుని కట్టే చిన్న బాత్‌రూమ్‌లో ఎదురయ్యే ఇబ్బందులకు సామాను నాణ్యత చాలా అరుదుగా కారణమవుతుంది. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో పైపులు వేయకముందే తేల్చుకోకపోవడమే వాటిలో ఎక్కువ వాటికి మూలం. స్నానానికీ కమోడ్‌కీ కలిపి కట్టే గది కనీసం 2.8 చదరపు మీటర్లు ఉండాలనీ, వెడల్పు 1.2 మీటర్లకు తగ్గకూడదనీ నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. మేస్త్రీ లెక్కలో అది దాదాపు 4 అడుగుల వెడల్పు, 7.5 అడుగుల పొడవు. తలుపు పొట్టి గోడకు, వెంటిలేటర్ దానికి ఎదుటి గోడకు ఉన్న అటువంటి గదినే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను.

సమస్య: ఒకరు స్నానం చేసి వస్తే గది అంతా తడిగా ఉంటోంది, తర్వాత వెళ్లినవారు తడి కాళ్లతోనే పడకగదిలోకి రావలసి వస్తోంది.

కారణం: స్నానం చేసే చోటు తలుపుకు దగ్గరగా పడింది, లేదా నేల వాలు గది మధ్యగా నడుస్తోంది. మన ఇళ్లలో షవర్ ఉన్నా బకెట్, మగ్గు పోవు. మగ్గుతో పోసుకునే నీళ్లు షవర్ నీళ్లకంటే దూరం చిందుతాయి. కేవలం షవర్‌ను దృష్టిలో పెట్టుకుని గీసిన ప్లాన్ మన ఇంట్లో పనిచేయకపోవడానికి ఇదే కారణం.

పరిష్కారం: తలుపు దగ్గర పొడి, లోపలికి వెళ్లేకొద్దీ తడి అన్న వరుసను పాటించాలి. పొడవాటి గోడ వెంట తలుపు పక్కన వాష్‌బేసిన్‌కు 2 అడుగులు, తర్వాత కమోడ్‌కు 2.5 అడుగులు, వెంటిలేటర్ కింద స్నానానికి 3 అడుగులు ఇస్తే 7.5 అడుగులు సరిపోతాయి. నహానీ ట్రాప్‌ను (నేల మీది నీరు బయటికి పోయే జాలీ, దాని కింది గిన్నె) స్నానపు మూలలోనే పెట్టి, ఆ భాగపు నేలను మిగిలిన నేలకంటే అర అంగుళం దించి, గది మొత్తానికి తలుపు నుంచి ట్రాప్ వైపు 7 అడుగులకు ఒక అంగుళం చొప్పున వాలు ఇవ్వాలి. టైల్స్ అతికించకముందే తలుపు దగ్గర ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి చూడండి. నీరు ఎక్కడ ఆగితే అక్కడ వాలు తప్పినట్లే, ఆ దశలో సరిచేయడం ఒక పూట పని. 2 అడుగులు, 4 అడుగుల పెద్ద టైల్స్ ఇంత చిన్న నేలపై వాలుకు తగ్గట్టు కూర్చోవు కాబట్టి, అడుగు చదరపు యాంటీ స్కిడ్ టైల్స్‌నే ఎంచుకోవడం మంచిది. ఇల్లు ఇప్పటికే కట్టి ఉంటే, స్నానపు భాగం అంచున అర అంగుళం ఎత్తున గ్రానైట్ పట్టీ అతికించి కర్టెన్ వేలాడదీస్తే చాలావరకు ఊరట దొరుకుతుంది. అయితే కమోడ్ వైపు పడిన నీటిని వైపర్‌తో తీయవలసి ఉంటుంది.

సమస్య: కమోడ్ మీద కూర్చుంటే మోచేయి పక్క గోడకు తగులుతోంది, లేదా కమోడ్ వెనుక ఖాళీ మిగిలిపోయింది.

కారణం: పైపు వేసేటప్పుడు ప్లాస్టరింగ్‌కు ముందున్న ఇటుక గోడ నుంచి కొలిచారు, ప్లాస్టరింగ్, టైల్ కలిసి అంగుళం, అంగుళంన్నర తినేస్తాయి. దుకాణంలో కమోడ్‌ను తర్వాత కొనడం రెండో కారణం, ఎందుకంటే ఎస్ ట్రాప్ కమోడ్లలో (మురుగు పైపు నేలలోకి దిగే రకం) గోడ నుంచి పైపు మధ్యకు 9 అంగుళాలవీ 12 అంగుళాలవీ వేర్వేరుగా దొరుకుతాయి.

పరిష్కారం: ముందు కమోడ్‌ను ఎంచుకుని, దాని కొలతల కాగితాన్ని ప్లంబర్ చేతిలో పెట్టాలి. కమోడ్ మధ్య గీత నుంచి టైల్ వేసిన పక్క గోడకు లేదా పక్కనున్న వస్తువుకు 15 అంగుళాలు ఉండాలి. 4 అడుగుల గదిలో 27 అంగుళాలు ముందుకు వచ్చే కమోడ్ పెడితే ఎదుట 21 అంగుళాలు మిగులుతుంది. స్నానానికి వెళ్లే దారి కూడా అదే కాబట్టి ఇంతకు తగ్గనివ్వకూడదు. గోడకు వేలాడే కమోడ్ స్థలం ఆదా చేస్తుందన్న నమ్మకాన్ని మాత్రం సరిచూసుకోవాలి: ట్యాంకును దాచడానికి కట్టే అదనపు గోడ ఆ ఆదాను దాదాపు అంతా మింగేస్తుంది. నేల కడగడం సులువవుతుందన్నదే దాని అసలు ప్రయోజనం.

సమస్య: తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు.

2.5 అడుగుల తలుపు లోపలికి తెరుచుకుంటే 4 అడుగుల గదిలో సగానికి పైగా వెడల్పును అదే ఆక్రమిస్తుంది, వాష్‌బేసిన్‌కు తగులుతుంది. దానిని పడకగదిలోకి తెరుచుకునేలా మార్చండి. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది సౌకర్యం కోసం మాత్రమే కాదు. లోపల ఎవరైనా జారిపడితే, వారి శరీరం అడ్డుపడి లోపలికి తెరిచే తలుపు కదలదు.

సమస్య: కొన్ని రోజులు వాడకపోతే దుర్వాసన వస్తోంది.

మురుగు పైపు వాసన పైకి రాకుండా ట్రాప్‌లో నిలవవలసిన 2 అంగుళాల నీరు ఆవిరైపోవడమే కారణం. నీళ్లు చేరని మూలలో విడిగా ట్రాప్ పెడితే ఇది తప్పదు. వాష్‌బేసిన్ నీటిని కూడా స్నానపు ట్రాప్‌లోకే కలిపితే, చేతులు కడుక్కున్న ప్రతిసారీ అది నిండుతుంది. ఊరెళ్లి వచ్చినప్పుడు ఒక మగ్గు నీళ్లు పోస్తే చాలు.

సమస్య: పడకగదిలో, వార్డ్‌రోబ్ వెనుక గోడ రంగు ఉబ్బి రాలుతోంది, బట్టలకు బూజు వాసన పడుతోంది.

కారణం: షవర్ గోడా వార్డ్‌రోబ్ గోడా ఒక్కటే, వాటర్‌ప్రూఫింగ్ నేల నుంచి ఒక అడుగు వరకే చేశారు. నాలుగున్నర అంగుళాల గోడలో నీరు టైల్ సందుల గుండా నిదానంగా అవతలికి చేరుతుంది.

పరిష్కారం: షవర్‌ను, కుళాయిలను బయటి గోడకు లేదా పైపుల డక్ట్ వైపు గోడకు మార్చాలి. అది కుదరకపోతే స్నానపు భాగం గోడలకు కనీసం 6 అడుగుల ఎత్తు వరకు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, తర్వాతే టైల్స్ వేయించాలి. పూర్తయిన ఇంట్లో పడకగది వైపు రంగు వేయడం వృథా ఖర్చు. ముందు షవర్ వైపు టైల్ సందులను గీకి ఎపాక్సీ గ్రౌట్ (నీరు ఇంకనివ్వని సందుల పూత) నింపించి, గోడ బాగా ఆరాకే రంగు జోలికి వెళ్లాలి. గోడ ఆరేదాకా వార్డ్‌రోబ్‌ను నాలుగు అంగుళాలు ముందుకు జరిపి, వెనుక గాలి ఆడనివ్వండి.