డిఫ్యూజన్ ఎంఆర్‌ఐలో గ్రేడియెంట్ పట్టిక తప్పులను పట్టుకోవడం, సరిదిద్దడం

డిఫ్యూజన్ ఎంఆర్‌ఐ (మెదడులో నీటి అణువుల కదలికను దిశలవారీగా కొలిచే స్కాన్) డేటాపై చేసిన ట్రాక్టోగ్రఫీ, అంటే నరాల దారులను గీసే పని, అర్థంపర్థం లేకుండా వచ్చినప్పుడు అనుమానం ముందుగా అల్గారిదమ్ మీదకో, స్కాన్ సమయంలో తల కదలడం మీదకో పోతుంది. నిజానికి చాలాసార్లు తప్పు రెండు చిన్న టెక్స్ట్ ఫైళ్లలో దాగి ఉంటుంది. ఒక్కో వాల్యూమ్‌ను (ఒక విడత తీసిన పూర్తి మెదడు చిత్రాన్ని) ఎంత బీ-విలువతో (డిఫ్యూజన్ గ్రేడియెంట్ బలాన్ని తెలిపే అంకె) తీశారో చెప్పేది బీవ్యాల్ ఫైలు, ఏ దిశలో గ్రేడియెంట్ ఇచ్చారో చెప్పేది బీవెక్ ఫైలు. రెండూ కలిస్తే గ్రేడియెంట్ పట్టిక అవుతుంది. పట్టిక తప్పుగా ఉన్నా సాఫ్ట్‌వేర్ ఒక్క ఎర్రర్ కూడా చూపకుండా చివరిదాకా నడిచిపోవచ్చు, ఎఫ్‌ఏ మ్యాపు (కదలిక ఎంతమేర ఒకే దిశకు పరిమితమైందో చూపేది) కూడా చక్కగా రావచ్చు. ఎఫ్‌ఏ బాగుంది గనుక పట్టిక సరిగ్గానే ఉందనుకోవడాన్ని మించిన ప్రమాదకరమైన నమ్మకం ఈ పనిలో మరొకటి లేదు.

దీనికి కారణం గణితంలోనే ఉంది. దిశలన్నిటిలోనూ ఎక్స్ గుర్తు తారుమారైతే, లేదా వై, జెడ్ స్థానాలు మారిపోతే, లెక్కగట్టిన టెన్సర్ (ఆ చోట ఏ దిశలో ఎంత కదలిక ఉందో చెప్పే గణిత రూపం) కూడా అదే తీరులో అద్దంలో ప్రతిబింబంలా తిరిగి వస్తుంది. దాని ఐగెన్ విలువలు, అంటే దాని ప్రధాన దిశల్లో కదలిక పరిమాణాలు, మాత్రం మారవు. ఎఫ్‌ఏ, ఎండీ (సగటు కదలిక) ఆ విలువల నుంచే వస్తాయి కనుక అవి చెక్కుచెదరవు. చెడిపోయేది ప్రధాన దిశ ఒక్కటే, ట్రాక్టోగ్రఫీ ఆధారపడేది సరిగ్గా దాని మీదే.

ముందు లెక్క సరిపోవాలి

దిశల సంగతి చూసే ముందు సంఖ్యలు సరిచూసుకోవాలి. ఎఫ్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ పద్ధతిలో బీవ్యాల్ ఒకే వరుసలో ఉంటుంది, బీవెక్ మూడు వరుసల్లో ఉంటుంది. ప్రతి వరుసలోనూ వాల్యూమ్‌లు ఎన్ని ఉన్నాయో అన్ని అంకెలు ఉండాలి. ‘ఎఫ్‌ఎస్‌ఎల్‌ఎన్‌వోల్స్’ ఆదేశం ఇమేజ్‌లోని వాల్యూమ్‌ల సంఖ్య చెబుతుంది. లినక్స్‌లో పదాలు లెక్కపెట్టే ‘డబ్ల్యూసీ’ ఆదేశం బీవ్యాల్‌కు అదే సంఖ్యను, బీవెక్‌కు దానికి మూడు రెట్లను చూపాలి. ఎంఆర్‌ట్రిక్స్ అనే మరో ప్యాకేజీ వాడేవారు ‘ఎంఆర్‌ఇన్ఫో’లో షెల్ (ఒకే బీ-విలువ ఉన్న వాల్యూమ్‌ల గుంపు) విలువలు, షెల్ పరిమాణాలు అడిగితే ఏ బీ-విలువ దగ్గర ఎన్ని వాల్యూమ్‌లున్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. దాన్ని స్కాన్ ప్రోటోకాల్ కాగితంతో పోల్చి చూడాలి.

లెక్క ఒకటి తేడా వస్తే, ఫిలిప్స్ స్కానర్ డేటా విషయంలో ముందుగా చివరి వాల్యూమ్‌ను చూడాలి. ఒక బీ0 (డిఫ్యూజన్ గ్రేడియెంట్ లేకుండా తీసిన చిత్రం), 32 దిశలు ఉన్న స్కాన్‌లో 33 వాల్యూమ్‌లు ఉండాల్సిన చోట 34 కనిపించవచ్చు. అదనంగా వచ్చినది స్కానర్ తానే దిశలన్నిటినీ కలిపి తయారుచేసిన సగటు చిత్రం. దానికి బీ-విలువ ఉంటుంది కానీ దిశ ఉండదు. పట్టికలో బీ-విలువ 1000 అని ఉండి దిశ మూడు సున్నాలుగా ఉన్న నిలువు వరుస కనిపిస్తే అది ఇదే కావచ్చు. దాన్ని ఇమేజ్‌లోంచీ, రెండు టెక్స్ట్ ఫైళ్లలోంచీ ఒకేసారి తీసేయాలి. ఒకచోట తీసి మరోచోట మరిచిపోతే లెక్క మళ్లీ తప్పుతుంది, అది నడుమ ఉంటే ఆ తర్వాతి వాల్యూమ్‌లన్నీ ఒక్కో స్థానం జరిగిపోతాయి. స్కానర్ ఇచ్చే మూల ఫైళ్లను (డైకామ్) మార్చే డీసీఎం2నిక్స్ అనే కన్వర్టర్ కొత్త వెర్షన్లు ఇలాంటి చిత్రాన్ని సాధారణంగా గుర్తించి వేరుచేస్తాయి కాబట్టి, పాత కన్వర్టర్‌తో మార్చిన డేటా అయితే మూల డైకామ్ నుంచి మళ్లీ మార్చడమే సులువైన దారి.

ఫేజ్ ఎన్‌కోడింగ్‌ను (చిత్రంలో ఒక అక్షాన్ని కొలిచే దిశను) తిరగేసి విడిగా తీసిన బీ0 చిత్రాలకు కన్వర్టర్ ఒక్కోసారి బీవ్యాల్, బీవెక్ ఫైళ్లు రాయదు. వాటిని ప్రధాన స్కాన్‌తో కలిపినప్పుడు సున్నాలను మనమే చేర్చాలి. పట్టికను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయడం వల్ల వచ్చే తంటాలూ తక్కువేమీ కావు: ఖాళీల స్థానంలో కామాలు, కొన్ని యూరోపియన్ సెట్టింగుల్లో దశాంశ బిందువు బదులు కామా, విండోస్ తరహా వరుస ముగింపులు వచ్చి చేరతాయి. పట్టికను సాదా టెక్స్ట్ ఎడిటర్‌లో తప్ప మరెక్కడా తెరవకపోవడం మేలు.

సంఖ్యలు సరిపోయినా వరుసక్రమం సరిపోయిందని హామీ లేదు. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కరలేని పరీక్ష ఒకటి ఉంది. ముడి డేటాను వ్యూయర్‌లో తెరిచి వాల్యూమ్‌లను ఒక్కొక్కటిగా తిప్పుతూ పోతే, వెంట్రికల్స్‌లోని ద్రవం తెల్లగా వెలిగే చిత్రాలు బీ0లు. బీవ్యాల్‌లో సున్నాలు సరిగ్గా ఆ స్థానాల్లోనే ఉండాలి. ఆ తర్వాత బీవెక్‌లో ఎక్స్ భాగం 1కి దగ్గరగా, మిగతా రెండూ సున్నాకు దగ్గరగా ఉన్న వాల్యూమ్‌ను వెతికి తెరవాలి. గ్రేడియెంట్ కుడి ఎడమల దిశలో ఉన్నప్పుడు కార్పస్ కలోసమ్ (మెదడు రెండు సగాలను కలిపే నరాల కట్ట) నడిమి భాగంలో నీటి అణువులు ఆ దిశలోనే స్వేచ్ఛగా కదులుతాయి కనుక అక్కడ సిగ్నల్ పడిపోయి నల్లగా కనిపించాలి. జెడ్ భాగం 1కి దగ్గరగా ఉన్న వాల్యూమ్‌లో అదే చోటు తెల్లగా ఉండి, ఇంటర్నల్ క్యాప్సూల్‌లో కార్టికోస్పైనల్ ట్రాక్ట్ (మెదడు నుంచి వెన్నుపాముకు దిగే దారి) నడిచే చోటు నల్లబడాలి. ఈ రెండు చిత్రాలూ పట్టిక చెప్పినట్టే ఉంటే వరుసక్రమం, అక్షాల స్థానాలు దాదాపుగా సరైనవే. పట్టిక ఒక స్థానం జరిగిపోయిన డేటాలో ఎఫ్‌ఏ మ్యాపే గరుకుగా, చెదిరినట్టు వస్తుంది; ఎఫ్‌ఏ చెడటం మనకు మేలు చేసే సందర్భం ఇదొక్కటే.

సున్నా ఎక్కడ సున్నా, వెక్టర్ పొడవు ఎంత

కొన్ని స్కానర్ల డేటాలో బీ0 విలువ కచ్చితంగా సున్నాగా ఉండదు. హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్ట్ డేటాలో బీ0 వాల్యూమ్‌లకు 5 అని ఉంటుంది, షెల్ విలువలు కూడా 1000, 2000, 3000 చుట్టూ కాస్త అటూ ఇటూగా కనిపిస్తాయి. డైపై అనే పైథాన్ ప్యాకేజీ ఇటీవలి వెర్షన్లలో 50 లోపు విలువలను బీ0గా లెక్కిస్తుంది. ఎంఆర్‌ట్రిక్స్ పరిమితి అంతకంటే తక్కువ, దాన్ని కాన్ఫిగరేషన్ ఫైలులో మార్చుకోవచ్చు. బీ0లు లేవని ప్రోగ్రాం మొరాయిస్తే చూడాల్సింది ఈ పరిమితినే. బీవ్యాల్‌ను దిద్దడం ఆఖరి మార్గం.

దిశ వెక్టర్ల పొడవు 1 ఉండాలని డైపై పట్టుబడుతుంది, తేడా ఉంటే ఆగిపోతుంది. ఎంఆర్‌ట్రిక్స్ అలా ఆగదు. పొడవు వర్గంతో బీ-విలువను గుణిస్తుంది. బీ-విలువ 1000, వెక్టర్ పొడవు 0.707 అయితే దాన్ని 500గా తీసుకుంటుందన్నమాట. ఒకే బీ-విలువ పెట్టి దిశల పొడవులతో పలు షెల్స్ తీసిన ప్రోటోకాల్‌కు ఇది సరైన పని. స్కానర్ అప్పటికే అసలు బీ-విలువలు రాసి ఉంటే మాత్రం రెండుసార్లు తగ్గించినట్టవుతుంది. అప్పుడు ఆ గుణకారాన్ని ఆపే ఆప్షన్ ఇవ్వాలి. షెల్స్ సంఖ్య ప్రోటోకాల్‌లో ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించడం దీనికి ఆనవాలు.

రంగులు చాలవు, గీతలు చూడాలి

దిశలను పరీక్షించడానికి చాలామంది రంగుల ఎఫ్‌ఏ మ్యాపు చూసి ఊరుకుంటారు. కుడి ఎడమలకు ఎరుపు, ముందు వెనకలకు ఆకుపచ్చ, పైకీ కిందికీ నీలం అన్నది వాడుకలో ఉన్న పద్ధతి. నడిమి కార్పస్ కలోసమ్ ఎర్రగా, సింగ్యులమ్ పచ్చగా, కార్టికోస్పైనల్ ట్రాక్ట్ నీలంగా ఉండాలి. రెండు అక్షాలు ఒకదాని స్థానంలో ఒకటి వస్తే ఈ రంగులు తారుమారవుతాయి గనుక ఆ తప్పు వెంటనే బయటపడుతుంది. అయితే రంగు వేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ గుర్తును వదిలేసి పరిమాణాన్ని మాత్రమే తీసుకుంటుంది. ఎక్స్ ముందు మైనస్ చేరినా ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. వాస్తవంలో ఎక్కువగా ఎదురయ్యేది ఈ గుర్తు తప్పే, రంగుల మ్యాపుకు అది ఎప్పటికీ కనిపించదు.

కాబట్టి టెన్సర్ ప్రధాన దిశను గీతలుగా చూడాలి. ‘డీటీఐఫిట్’ ఆదేశం ఇచ్చే వీ1 (ప్రధాన దిశ) ఫైలును వ్యూయర్ అయిన ఎఫ్‌ఎస్‌ఎల్ఐస్‌లో గీతల రూపంలో తెరిచి, మూడు తలాల్లోనూ వంపు తిరిగే ట్రాక్టుల దగ్గర ఆగి పరిశీలించాలి. ఏదో ఒక అక్షం వెంబడి నిటారుగా పోయే చోట్ల గుర్తు తప్పు తెలియదు. ఏటవాలుగా పోయే చోటే బయటపడుతుంది. ఆక్సియల్ (అడ్డంగా కోసిన) తలంలో కార్పస్ కలోసమ్ ముందు భాగం నుంచి ఫ్రాంటల్ లోబ్‌లలోకి వంగే ఫోర్సెప్స్ మైనర్ ఇందుకు చక్కని చోటు. గీతలు ఆ వంపు వెంబడి సాగితే సరి, వంపును అడ్డంగా కోస్తున్నట్టుంటే గుర్తు తప్పింది. కొరోనల్ (ఎదుటి నుంచి చూసే) తలంలో కార్పస్ కలోసమ్ నుంచి పైకి, పక్కకి ఎక్కే ఫైబర్లనూ, కింద బ్రెయిన్‌స్టెమ్ వైపు దగ్గరయ్యే కార్టికోస్పైనల్ ట్రాక్టులనూ చూడాలి. సాజిటల్ (పక్క నుంచి చూసే) తలంలో సింగ్యులమ్ కార్పస్ కలోసమ్ చివర్ల దగ్గర తిరిగే మలుపు సరిపోతుంది.

ఏ అక్షం తప్పిందో చెప్పేది, సరిగ్గా కనిపిస్తున్న ఒకే ఒక తలం. ఎక్స్ గుర్తు తప్పితే ఎక్స్ లేని సాజిటల్ తలం ఒక్కటే బాగుంటుంది. వై తప్పితే కొరోనల్, జెడ్ తప్పితే ఆక్సియల్ బాగుంటాయి. ఆక్సియల్ ఒక్కటే చూసి తృప్తి పడేవారికి జెడ్ తప్పు ఎన్నటికీ దొరకదు. రెండు అక్షాలు ఒకేసారి తిరగబడితే ఎలా అన్న సందేహం రావచ్చు. డిఫ్యూజన్ సిగ్నల్‌కు ఒక దిశా, దాని వ్యతిరేక దిశా ఒకటే కనుక, వై, జెడ్ రెండూ తిరగబడటం ఎక్స్ ఒక్కటే తిరగబడటంతో సమానం. మూడూ తిరగబడితే అసలు మార్పే లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎఫ్‌ఎస్‌ఎల్ రాసిన వీ1 ఫైలును ఎంఆర్‌ట్రిక్స్ వ్యూయర్ ఎంఆర్‌వ్యూలో తెరిస్తే పట్టిక సరిగ్గా ఉన్నా గీతలు తప్పుగా కనిపించవచ్చు, ఎందుకంటే ఆ రెండు ప్యాకేజీలు దిశలను వేర్వేరు అక్షాల మీద కొలుస్తాయి. ఏ ప్యాకేజీలో లెక్కగట్టారో ఆ ప్యాకేజీ వ్యూయర్‌లోనే చూడాలి.

రెండు ప్యాకేజీల మధ్య తేడా

ఎఫ్‌ఎస్‌ఎల్ బీవెక్ దిశలు ఇమేజ్ అక్షాల మీద ఉంటాయి, ఎంఆర్‌ట్రిక్స్ నాలుగు నిలువు వరుసల పట్టికలోని దిశలు స్కానర్ అక్షాల మీద ఉంటాయి. దీనికి తోడు ఎఫ్‌ఎస్‌ఎల్‌లో ఒక నియమం ఉంది: ఇమేజ్ హెడర్‌లోని మ్యాట్రిక్స్ డిటర్మినెంట్ ధనాత్మకమైతే, అంటే ‘ఎఫ్‌ఎస్‌ఎల్ఓరియెంట్’ ఆ ఇమేజ్‌ను న్యూరోలాజికల్ (ఎక్స్ ఎడమ నుంచి కుడికి పెరిగేది) అని చెబితే, ఎక్స్ గుర్తును తిప్పి చదవాలి. ఈ నియమం తెలియక బీవెక్‌ను నిలువు వరుసలుగా మార్చి, పక్కన బీవ్యాల్ అతికించి, ఎంఆర్‌ట్రిక్స్ పట్టికగా నేరుగా ఇచ్చేస్తుంటారు. అక్షాలు స్కానర్‌తో సరిగ్గా కలిసిన మామూలు ఆక్సియల్ స్కాన్‌లో బీవెక్ (0.707, 0.707, 0) అని ఉంటే, స్కానర్ అక్షాల మీద అది (−0.707, 0.707, 0) కావాలి. నేరుగా అతికిస్తే ఆ మైనస్ పోయి, సాజిటల్ తప్ప మిగతా రెండు తలాలూ చెడతాయి. అతికించే పని మానేసి, ‘ఎంఆర్‌కన్వర్ట్’కు ఎఫ్‌ఎస్‌ఎల్‌గ్రాడ్ ఆప్షన్‌తో ముందు బీవెక్, తర్వాత బీవ్యాల్ ఇస్తే మార్పిడి అదే చూసుకుంటుంది.

స్లైసులను వాల్చి తీసిన స్కాన్‌లలో సమస్య ఇంకాస్త సూక్ష్మంగా ఉంటుంది. అక్కడ ఇమేజ్ అక్షాలకూ స్కానర్ అక్షాలకూ మధ్య వాలు కోణమంత తేడా ఉంటుంది, ఏ గుర్తు మార్చినా అది పోదు. ఒకే స్క్రిప్ట్ కొందరి డేటాకు బాగా పనిచేసి మరికొందరికి గీతలు కొద్దిగా పక్కకు వాలినట్టు వస్తుంటే, స్లైసులు వాల్చి తీసింది ఎవరికో ముందు చూడాలి.

ఇమేజ్‌ను తిప్పే ‘ఎఫ్‌ఎస్‌ఎల్‌రీఓరియెంట్2స్టాండర్డ్’, ‘ఎఫ్‌ఎస్‌ఎల్‌స్వాప్‌డిమ్’ ఆదేశాలు బీవెక్‌ను ముట్టుకోవు. వై దిశలో తిప్పినా, అక్షాలు మార్చినా పట్టికను మనమే మార్చాలి. ఎక్స్ దిశలో మాత్రమే తిప్పినప్పుడు, హెడర్ కూడా దానికి తగ్గట్టు మారితే, పై నియమం వల్ల బీవెక్ అలాగే సరిపోతుంది. తిప్పాం కదా అని ఎక్స్‌కు మైనస్ పెడితే బాగున్నది చెడుతుంది. డిఫ్యూజన్ డేటాను అసలు తిప్పకుండా ఉంచడం అన్నిటికన్నా సుఖం.

సాఫ్ట్‌వేర్ సాయం, ఆపై దిద్దుబాటు

ఎంఆర్‌ట్రిక్స్‌లోని ‘డీడబ్ల్యూఐగ్రాడ్‌చెక్’ గుర్తు మార్పులు నాలుగు, అక్షాల అమరికలు ఆరు, ఇమేజ్ లేదా స్కానర్ అక్షాలు రెండు కలిపి 48 అవకాశాలను పరీక్షిస్తుంది. ఒక్కోదానితో మెదడంతా ట్రాక్టోగ్రఫీ చేసి, సగటు ట్రాక్ట్ పొడవు ఎక్కువగా వచ్చినదాన్ని మొదట నిలబెడుతుంది. 2014లో జ్యూరిస్సెన్, లీమాన్స్, సైబర్స్ ప్రచురించిన పద్ధతి దీనికి ఆధారం. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ పొడవులో స్పష్టమైన తేడా ఉంటే నమ్మవచ్చు. తేడా స్వల్పమైతే మెదడు మాస్కు సరిచూసి, గీతల పరీక్షతో పోల్చాకే నిర్ణయానికి రావాలి. ఇమేజే కుడి ఎడమలు మారిపోయి, పట్టిక కూడా దానితోపాటే మారి ఉంటే ఈ పరీక్షకు తెలియదు: ట్రాక్టులు నిండుగా వస్తాయి, పక్కలు మాత్రం తప్పుగా ఉంటాయి. దానికి స్కాన్‌లో ఒక పక్క అంటించిన విటమిన్ ఇ గుళిక వంటి గుర్తో, అదే వ్యక్తి టీ1 (మెదడు నిర్మాణాన్ని చూపే) చిత్రంతో పోల్చడమో తప్పనిసరి.

ఈ పరీక్షలన్నీ, తల కదలికనూ చిత్రంలోని వంకర్లనూ దిద్దే ఎఫ్‌ఎస్‌ఎల్ ఆదేశం ‘ఎడ్డీ’ నడపక ముందే పూర్తికావాలి. తల తిరిగినంత మేర బీవెక్ దిశలనూ ఎడ్డీ తిప్పి, కొత్త ఫైలుగా రాస్తుంది. గుర్తు తప్పిన పట్టిక ఇస్తే ఆ తిప్పుడు తప్పు వైపుకు జరుగుతుంది, తర్వాత గుర్తు సరిదిద్దినా ఆ కోణం వెనక్కి రాదు. మళ్లీ మొదటి నుంచి నడపాల్సిందే. ఎడ్డీ తర్వాతి దశలన్నిటికీ ఆ తిప్పిన ఫైలునే ఇవ్వాలి. పాత బీవెక్‌నే కొనసాగించడం తరచూ జరిగే పొరపాటు.

తప్పు దొరికాక బీవెక్‌లో మైనస్ చేర్చడం నిమిషం పని, కానీ ముందుగా మూల డైకామ్ నుంచి కొత్త డీసీఎం2నిక్స్‌తో మళ్లీ మార్చి చూడటం మంచిది. అప్పుడు సరిగ్గా వస్తే తప్పు పాత మార్పిడిదని తేలుతుంది, అదే దారిలో వచ్చిన మిగతా డేటాకూ అదే మందు. డైకామ్ దొరక్క పట్టికను దిద్దాల్సి వస్తే పాత ఫైలును అలాగే ఉంచి, ఏ అక్షాన్ని ఎందుకు మార్చారో పక్కనే ఒక టెక్స్ట్ ఫైలులో రాయాలి. ఆ దిద్దుబాటును ప్రాజెక్టులోని అందరికీ ఒకేసారి వర్తింపజేయకుండా, స్కానర్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారిన చోట, స్లైసుల వాలు మారిన చోట కనీసం ఒక్కొక్కరి గీతలైనా విడిగా చూసి తీరాలి.