బిల్లు మీద ‘డెప్ట్ 01’ బదులు అసలు పేరు రావాలంటే? క్యాష్ రిజిస్టర్‌లో లేబుల్స్ పెట్టడం ఎలా?

కొత్త క్యాష్ రిజిస్టర్ పెట్టె విప్పి, ప్లగ్ పెట్టి, ఒక బిల్లు కొట్టి చూడండి. వస్తువు పేరు ఉండాల్సిన చోట ‘డెప్ట్ 01’ అని ఉంటుంది. లెక్క తప్పేమీ కాదు. కానీ ఆ బిల్లు పట్టుకుని వారం తర్వాత ఎవరైనా వెనక్కి వస్తే, వాళ్లు కొన్నది పెన్నో బ్యాగో మీకూ తెలియదు, వాళ్లకూ గుర్తుండదు. రోజు చివర తీసే రిపోర్టులోనూ అదే తంతు. ఈ పేర్లు మార్చడాన్ని ప్రోగ్రామింగ్ అంటారు గానీ, ఆ మాట విని టెన్షన్ పడక్కర్లేదు. కోడ్ రాసేదేమీ లేదు. ఓపిగ్గా కీలు నొక్కడమే.

ముందు కాగితం మీద

మెషిన్ ముందు కూర్చుని పేర్లు ఆలోచించకండి. గళ్ల కాగితం తీసుకుని, గడికి ఒక అక్షరం చొప్పున అన్నీ రాసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

పేరు పెట్టే చోట్లు మామూలుగా ఇవి: బిల్లు పైన వచ్చే హెడర్, కింద వచ్చే ఫుటర్, డిపార్ట్‌మెంట్లు (అంటే ఒక్కో కీకి కేటాయించిన వస్తువుల గుంపులు, ‘డెప్ట్’ అంటే ఇవే), పీఎల్‌యూలు (అంటే నంబరుతో పిలిచే విడి వస్తువులు), బిల్లు కొట్టే క్లర్కుల పేర్లు. ఒక్కో చోట ఇన్ని అక్షరాలే పడతాయని పరిమితి ఉంటుంది. వస్తువు పేరుకు 12 లేదా 16, హెడర్‌లో ఒక్కో లైనుకు 24 అనేవి తరచూ కనిపించే లెక్కలు. మీ మోడల్‌కు ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. ఖాళీ కూడా ఒక అక్షరమే. డబుల్ సైజులో పెట్టిన అక్షరం రెండు గళ్లు మింగేస్తుంది.

చాలామంది తప్పు చేసేది పేరు కుదించే దగ్గరే. ‘స్పైరల్ నోట్‌బుక్ లార్జ్’, ‘స్పైరల్ నోట్‌బుక్ స్మాల్’ అని ఇంగ్లీష్ అక్షరాల్లో రెండు పేర్లు పెట్టారనుకోండి. 12 అక్షరాల మెషిన్‌లో రెండూ ‘నోట్‌బుక్’ అనే మాట మధ్యలోనే తెగిపోతాయి. బిల్లు మీద రెండింటికీ ఒకటే పేరు! తేడా చెప్పే మాట ముందుకు తెండి. ‘లార్జ్ స్పైరల్’, ‘స్మాల్ స్పైరల్’ అంటే ఖాళీతో కలిపి సరిగ్గా 12 అక్షరాలు. ‘నోట్‌బుక్’ లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. మాట మరీ పొడుగైతే మధ్యలోని అచ్చులు తీసేయండి, మొదటి అక్షరాన్ని మాత్రం ముట్టుకోకండి.

తాళం తిప్పే ముందు రెండు జాగ్రత్తలు

మొదటిది బ్యాటరీలు. కరెంటు పోయినా జ్ఞాపకం ఉంచుకోవడానికి చాలా మెషిన్లలో చిన్న బ్యాటరీలు ఉంటాయి. అవి లేకుండా గంటసేపు పేర్లు ఎక్కించి ప్లగ్ పీకితే అన్నీ ఎగిరిపోవచ్చు. బ్యాటరీలు మార్చేటప్పుడు మెషిన్ ప్లగ్‌లోనే ఉండాలి. నేను ఒకసారి జాగ్రత్త పడుతున్నాననుకుని ముందు ప్లగ్ తీసి, తర్వాత పాత బ్యాటరీలు తీశాను. మళ్లీ ఆన్ చేస్తే డెప్ట్ 01, డెప్ట్ 02... మొదటికొచ్చింది.

రెండోది జెడ్ రిపోర్ట్, అంటే రోజు చివర తీసే అమ్మకాల లెక్క. అమ్మకాల మొత్తం లోపల ఉండగా కొన్ని మెషిన్లు మార్పులు ఒప్పుకోవు. అందుకే ఆ రోజు జెడ్ తీసేశాక, దుకాణం మూసిన వేళ ఈ పని పెట్టుకోండి. ఎక్స్ రిపోర్ట్ చూపించి ఊరుకుంటుంది, జెడ్ మాత్రం చూపించి మొత్తాన్ని సున్నా చేస్తుంది. మెషిన్ మోడ్ మార్చే తాళం మీద జెడ్, పీజీఎం (ప్రోగ్రామింగ్ మోడ్) దగ్గరదగ్గరగా ఉండే మోడల్స్ ఉన్నాయి. తిప్పిన చోటు ఏదో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే కీలు నొక్కండి.

అక్షరాలు ఎక్కించడం

తాళాన్ని పీజీఎం మీదికి తిప్పండి. అన్ని చోట్లకూ తిరగని తాళం చెవి అయితే అది క్లర్కుది. పెట్టెలో పీజీఎం దాకా తిరిగే ఇంకో చెవి ఉంటుంది, వెతకండి. తాళం లేని మోడల్‌లో మోడ్ బటన్ ఉంటుంది. చాలా మోడల్స్‌లో ఇప్పుడు పనికి సంబంధించిన నంబరు ఒకటి కొట్టి సబ్‌టోటల్ కీ నొక్కాలి. ఆ నంబరు మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఊహించకుండా మాన్యువల్ చూడండి.

అసలు చికాకు ఇక్కడి నుంచి. 1879లో అమెరికాలోని డేటన్‌లో జేమ్స్ రిట్టీ పేటెంట్ తీసుకున్న తొలి రిజిస్టర్‌కు గడియారంలాంటి ముఖం, దాని మీద అంకెలు, అంతే. ఈ యంత్రం పుట్టిందే అంకెల కోసం. అక్షరాలు తర్వాత వచ్చిన చుట్టాలు. అందుకే వాటిని ఎక్కించడానికి ఒక్కో మెషిన్‌ది ఒక్కో దారి.

సుఖమైన దారి, కీల మీదే ఏ, బి, సి అని అచ్చు వేసి ఉండటం. కొన్నిటికి అక్షరాలున్న పరదా ఒకటి ఇస్తారు, కీబోర్డు మీద పరిచి టైపు చేసుకోవచ్చు.

రెండోది పాత మొబైల్ పద్ధతి. ‘పెన్’ అని ఇంగ్లీష్‌లో రాయాలంటే ‘పి’ ఉన్న కీ ఒకసారి, ‘ఇ’ ఉన్నది రెండుసార్లు, ‘ఎన్’ ఉన్నది రెండుసార్లు. ‘బ్యాగ్’ దగ్గర చిక్కు వస్తుంది. బి, ఏ రెండూ ఒకే కీ మీద ఉంటాయి. బి కోసం రెండు, వెంటనే ఏ కోసం ఒకటి నొక్కితే మూడూ కలిసిపోయి సి పడుతుంది. మధ్యలో కర్సర్‌ని ముందుకు జరిపే కీ నొక్కాలి.

మూడోది కోడ్ పద్ధతి. ప్రతి అక్షరానికీ ఒక నంబరు. కంప్యూటర్ల ఆస్కీ పట్టికే వాడే మెషిన్ అయితే పి, ఇ, ఎన్ అంటే 80, 69, 78. మూడంకెలు అడిగే మెషిన్‌లో 080, 069, 078. సొంత పట్టిక ఉన్న మెషిన్లూ ఉన్నాయి, కాబట్టి మాన్యువల్ చివర ఉండే పట్టికని ఫోటో తీసి పక్కన పెట్టుకోండి. గళ్ల కాగితంలో అక్షరం కిందే దాని కోడ్ రాసుకుంటే కొట్టేటప్పుడు బుర్రకి పని ఉండదు.

వరుస విషయంలో కూడా మెషిన్లు రెండు రకాలు. కొన్నిటికి ముందు పేరు కొట్టి తర్వాత డిపార్ట్‌మెంట్ కీ నొక్కాలి. కొన్నిటికి ముందు కీ, తర్వాత పేరు. పీఎల్‌యూ అయితే దాని నంబరు కూడా చెప్పాలి. ఒక పేరు తప్పుగా పడితే క్లియర్ కీ నొక్కి మళ్లీ కొట్టండి. అన్నీ అయ్యాక సబ్‌టోటల్ లేదా క్యాష్ కీ నొక్కి ముగించాలి. ముగించకుండా తాళం వెనక్కి తిప్పితే చివరి పేరు నిలవకపోవచ్చు. అందుకని మొదటిసారి యాభై పేర్లు ఒకేసారి ఎక్కించకండి. ఒక్కటి ఎక్కించి, ముగించి, బిల్లు మీద చూశాక మిగతావి.

సరిచూడటం

పీజీఎం మోడ్‌లోనే లోపల ఏమున్నదో ప్రింట్ తీసే వీలు ఉంటుంది. ఆ చీటీని గళ్ల కాగితంతో పోల్చండి. థర్మల్ కాగితం అయితే అచ్చు కొన్నాళ్లకు వెలిసిపోతుంది, ఫోటో తీసి దాచండి. తర్వాత ట్రైనింగ్ మోడ్‌లో ఒక బిల్లు కొట్టి చూడండి. ఆ మోడ్ లేకపోతే మామూలు బిల్లు కొట్టి వాయిడ్ (రద్దు) చేయండి.

ఒక్క సంగతి మరిచిపోవద్దు. పేరు మారిస్తే పేరే మారుతుంది. ఆ కీకి ముందు పెట్టిన పన్ను, ధర అలాగే ఉంటాయి. పన్ను లేని డిపార్ట్‌మెంట్‌కి పన్ను ఉన్న వస్తువు పేరు తగిలిస్తే మెషిన్ ఏమీ అనదు, చక్కగా తప్పు బిల్లు ఇస్తుంది.

ఇక కీ మీద రాసిన పేరు దానంతటది మారదు కదా. చాలా మోడల్స్‌లో కీ మీది పారదర్శకమైన మూతని గోటితో పైకి లేపితే కింద చిన్న కాగితం ముక్క పెట్టుకునే చోటు ఉంటుంది. బిల్లు మీద వచ్చే మాటే దాని మీదా రాసి పెట్టండి.