స్లో కంప్యూటర్‌లో ఏ సర్వీసులు ఆపొచ్చు, వేటి జోలికి పోకూడదు

కంప్యూటర్ స్లో అయిందని ఎవరికైనా చెప్పి చూడండి, వెంటనే ఒక లిస్టు పంపిస్తారు, ఈ అరవై సర్వీసులు డిసేబుల్ చేసెయ్ ఇక రాకెట్టే అని. నేనూ ఒకప్పుడు అలాంటి లిస్టే ఒకటి పట్టుకుని పైనుంచి కిందదాకా వరసపెట్టి నొక్కుకుంటూ పోయినవాణ్ణే. రీస్టార్ట్ చేసి చూస్తే స్పీకర్ గుర్తు మీద ఎర్ర ఇంటూ, వైఫై లిస్టులో ఒక్క పేరు కూడా లేదు, ఏది ఆపితే ఏది పోయిందో తెలీదు ఎందుకంటే ఎక్కడా రాసిపెట్టుకోలేదు. పోనీ స్పీడన్నా పెరిగిందా అంటే అదీ లేదు.

ఎందుకు పెరగలేదో తర్వాత అర్థమైంది. ఆ లిస్టులో ఉన్న సర్వీసుల్లో ముప్పావు వంతు ముందునుంచే నిద్రపోతున్నాయి. నిద్రపోయేవాణ్ణి లేపి మళ్లీ పడుకోబెడితే మనకేం ఒరుగుతుంది చెప్పండి.

అసలు సర్వీస్ అంటే కిటికీ తెరుచుకోకుండా వెనకాల నడిచే ప్రోగ్రామ్, అంతే. సౌండ్ రావడానికి ఒకటి, వైఫై దొరకబుచ్చుకోడానికి ఒకటి, ప్రింట్ క్యూ చూసుకోడానికి ఒకటి, ఇలా విండోస్‌లో వందల్లో ఉంటాయి. కొన్ని కంప్యూటర్ ఆన్ అవగానే లేస్తాయి, కొన్ని ఎవరైనా పిలిస్తేనే లేస్తాయి. మనం వెతకాల్సింది పిలవకుండానే లేచి, పని లేకపోయినా డిస్కునీ ర్యామునీ నమిలేవాటిని. అవి చాలా కంప్యూటర్లలో పదికి మించవు. (ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11 గురించే.)

ముందు కొలవండి, తర్వాతే చెయ్యి పెట్టండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. కంప్యూటర్ ఆన్ చేసి ఓ పది నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా వదిలేసి అప్పుడు చూడండి, ఎందుకంటే డిలేడ్ స్టార్ట్ అని ఒక రకం సర్వీసులుంటాయి, అవి మామూలువి లేచాక సుమారు 2 నిమిషాలు ఆగి లేస్తాయి, ఆ గోలంతా సద్దుమణిగాక కనిపించేదే అసలు లెక్క. ప్రాసెసెస్‌లో డిస్క్ అనే మాట మీద ఒకసారి నొక్కితే ఎక్కువ వాడేవి పైకొస్తాయి. అలాగే మెమరీ మీద, సీపీయూ మీద. పైనున్న నాలుగైదు పేర్లు కాగితం మీద రాసుకోండి. సర్వీస్ హోస్ట్ అని మొదలయ్యేవి బోలెడు కనిపిస్తాయి, కంగారు పడకండి, అవి వైరస్సులు కావు. విండోస్ సొంత సర్వీసుల్ని మోసే డబ్బాలు అవి, పక్కనున్న బాణం గుర్తు నొక్కితే లోపల ఏ సర్వీస్ ఉందో పేరు కనిపిస్తుంది. 2017 నుంచి ర్యామ్ 3.5 జీబీ దాటిన మెషీన్లలో చాలామటుకు ఒక్కో సర్వీస్‌కి ఒక్కో డబ్బా ఇస్తున్నారు, అందుకే అన్ని కనపడతాయి, పైగా ఏది తింటోందో పట్టుకోడం ఇప్పుడే తేలిక.

ఇక్కడే ఒక తేడా గమనించండి. డిస్క్ 100 శాతం అని ఎర్రగా ఉంటుంది, తీరా పక్కన చూస్తే సెకనుకి 2 ఎంబీ కూడా దాటదు. అంటే డేటా ఎక్కువై కాదు, పాత హార్డ్ డిస్క్‌లో ముల్లు ఈ చివరికీ ఆ చివరికీ పరిగెత్తి పరిగెత్తి అలిసిపోతోందన్నమాట. నాలుగు సర్వీసులు ఒకేసారి చిన్న చిన్న ఫైళ్లు అడిగితే ఇలాగే ఉంటుంది. సర్వీసులు తగ్గిస్తే బాగా తేడా తెలిసేది ఇలాంటి మెషీన్లలోనే. ఎస్ఎస్‌డీ (ముల్లూ తిరగడాలూ లేని కొత్తరకం డిస్క్), 16 జీబీ ర్యామ్ ఉన్నదాంట్లో ఎన్ని ఆపినా మీకు తేడా తెలీదు, ఊరికే చేతులు నొప్పి.

మొదలుపెట్టేముందు రెండు పనులు. స్టార్ట్ మెనూలో క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్ అని వెతికి తెరవండి, సిస్టమ్ ప్రొటెక్షన్ చాలా మెషీన్లలో ఆఫ్‌లో ఉంటుంది, సీ డ్రైవ్‌కి ఆన్ చేసి ఒక పాయింట్ పెట్టుకోండి, తేడా వస్తే విండోస్ సెట్టింగుల్ని ఆ పాయింట్ నాటి స్థితికి వెనక్కి తీసుకెళ్లొచ్చు. రెండోది, ఒక నోట్‌బుక్కో కాగితమో తీసి మూడు గళ్లు గీసుకోండి: సర్వీస్ పేరు, ముందు ఏ సెట్టింగ్‌లో ఉంది, ఏ రోజు మార్చాను. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ ఆ రోజు నా దగ్గర ఈ కాగితం ఉండుంటే ఒక సాయంత్రం మొత్తం మిగిలేది.

సర్వీసులకంటే ముందు స్టార్టప్ యాప్స్ చూడండి, నిజం చెప్పాలంటే సగం రోగం అక్కడే పోతుంది. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అని ఉంటుంది, ప్రతిదానికీ పక్కన ఇంపాక్ట్ హై, మీడియం, లో అని రాసుంటుంది. హై అంటే ఆన్ అయ్యేటప్పుడు 1 సెకను కంటే ఎక్కువ సీపీయూ గానీ 3 ఎంబీ కంటే ఎక్కువ డిస్కు గానీ వాడిందని అర్థం. చాటింగ్ యాప్‌లు, గేమ్ లాంచర్లు, మ్యూజిక్ ప్లేయర్లు, ఇవన్నీ మనం తెరిచినప్పుడు లేస్తే చాలు, పొద్దున్నే లేచి కూర్చోనక్కర్లేదు. రైట్ క్లిక్, డిసేబుల్. ప్రోగ్రామ్ ఎక్కడికీ పోదు, దానంతట అది లేవదంతే. బ్రౌజర్ సెట్టింగుల్లో కూడా మూసేశాక వెనకాల నడుస్తూ ఉండు అనే స్విచ్ ఉంటుంది, అదీ ఆఫ్ చేసేయండి.

ఇప్పుడు బయటి కంపెనీల సర్వీసులు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్‌కాన్ఫిగ్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి, సర్వీసెస్ ట్యాబ్‌కి వెళ్లండి, కింద హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్ అని చిన్న గడి ఉంటుంది, అది టిక్ పెట్టాకే మిగతా సంగతి. ఆ టిక్ లేకుండా డిసేబుల్ ఆల్ నొక్కి రీస్టార్ట్ చేసినవాళ్లు లాగిన్ దగ్గర పిన్ పనిచెయ్యక తలపట్టుకున్న కథలు చాలా ఉన్నాయి. టిక్ పెట్టాక మిగిలేవి మనం ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసినవీ, ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చినవీ. ఎప్పుడో పారేసిన ప్రింటర్ తాలూకు సర్వీస్, ఫోన్ కనెక్ట్ చెయ్యడానికి ఒకసారి వాడి వదిలేసిన సాఫ్ట్‌వేర్, ల్యాప్‌టాప్ కంపెనీవాళ్ల హెల్ప్ అసిస్టెంటు, ఇలాంటివి బయటపడతాయి. నా మాట వింటే వీటిని డిసేబుల్ చెయ్యడం కూడా కాదు, కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్లి ఆ ప్రోగ్రామ్‌నే అన్ఇన్‌స్టాల్ చేసేయండి, వేరుతో సహా పోతుంది. యాంటీవైరస్, గ్రాఫిక్స్, ఆడియో, టచ్‌ప్యాడ్ అని పేర్లు కనిపిస్తే మాత్రం వదిలేయండి. బ్రౌజర్ అప్‌డేట్ చేసే సర్వీసుల్ని కూడా వదిలేయండి, అవి ఎక్కువసేపు పడుకునే ఉంటాయి, ఆపితే వచ్చే లాభం గోరంత, అప్‌డేట్ రాక వచ్చే నష్టం కొండంత.

తర్వాత మైక్రోసాఫ్ట్ సొంతవి. మళ్లీ విండోస్ కీ, ఆర్, ఈసారి సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ, డాట్ అంటే చుక్కే, మొత్తం ఇంగ్లీషులో మధ్యలో ఖాళీ లేకుండా. పెద్ద లిస్టు వస్తుంది. ఏదైనా దాని మీద డబుల్ క్లిక్ చేస్తే స్టార్టప్ టైప్ కనిపిస్తుంది: ఆటోమేటిక్, ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్, మాన్యువల్, డిసేబుల్డ్. చాలామంది నేరుగా డిసేబుల్డ్‌కి పోతారు, అక్కడే పొరపాటు. మాన్యువల్ పెడితే ఎవరికైనా అవసరమైనప్పుడు విండోస్ దాన్ని లేపగలదు, డిసేబుల్డ్ అంటే తాళం వేసి తాళంచెవి బావిలో పారేసినట్టు, ఎవరు పిలిచినా లేవదు, దాని మీద ఆధారపడ్డ ఇంకొకటి కూడా కూలబడుతుంది. అదే కిటికీలో డిపెండెన్సీస్ అనే ట్యాబ్ ఉంటుంది, దీని మీద ఎవరెవరు ఆధారపడ్డారో అందులో చూపిస్తుంది, కింద గడిలో పేర్లు చాలా ఉంటే ఆ కిటికీ మూసేసి బయటికొచ్చేయండి.

నేను చూసినంతలో చూడాల్సినవి ఇవి. సిస్‌మెయిన్, దీని పాత పేరు సూపర్‌ఫెచ్, విస్టా కాలం నుంచి ఉంది, మీరు రోజూ తెరిచే ప్రోగ్రాముల్ని ముందే ర్యామ్‌లోకి తెచ్చిపెడుతుంది. ఉద్దేశం మంచిదే, హార్డ్ డిస్క్ మెషీన్లకి చాలాసార్లు మేలే చేస్తుంది, కానీ ర్యామ్ 4 జీబీయే ఉండి ఆన్ చేసిన అరగంట దాకా డిస్క్ 100 దగ్గరే ఆడుతూ, పైన దీని పేరే కనిపిస్తుంటే ఆపి రెండ్రోజులు చూడండి. ప్రోగ్రాములు తెరుచుకోడం ఇంకా లేటైతే మళ్లీ ఆటోమేటిక్‌కి పెట్టేయండి, పంతానికి పోవద్దు. దీని విషయంలో మాన్యువల్ వద్దు, ఆపితే డిసేబుల్డే.

విండోస్ సెర్చ్, ఇది మీ ఫైళ్లన్నీ చదివి ఇండెక్స్, అంటే ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక, రాసుకుంటుంది. ఆపేస్తే ఫైళ్లు వెతకడం బాగా నెమ్మదిస్తుంది, మెయిల్ ప్రోగ్రామ్‌లో వెతుకులాట కూడా దెబ్బతింటుంది. అందుకని ముందు ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెరిచి సినిమాలు, ఫోటోలు ఉన్న పెద్ద ఫోల్డర్లు తీసేసి చూడండి, చాలాసార్లు అంతతోనే శాంతిస్తుంది.

ప్రింట్ స్పూలర్, ప్రింట్ క్యూ చూసుకునేది ఇదే, ఇంట్లో ప్రింటర్ లేకపోతే ఆపొచ్చు, 2021లో దీంట్లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద లోపం బయటపడి అర్జెంటుగా అప్‌డేట్ ఇవ్వాల్సొచ్చింది, ఆ లెక్కన సెక్యూరిటీకి కూడా మంచిదే. ఐతే ఒక మెలిక ఉంది, వెబ్ పేజీనో డాక్యుమెంటునో ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టే అలవాటుంటే అదీ స్పూలర్ మీదే నడుస్తుంది, ఆపాక ప్రింటర్ల లిస్టు ఖాళీగా కనిపించి బుర్ర గోక్కుంటారు. డౌన్‌లోడెడ్ మ్యాప్స్ మేనేజర్, కనెక్టెడ్ యూజర్ ఎక్స్‌పీరియన్సెస్ అండ్ టెలిమెట్రీ (కంప్యూటర్ వాడకం వివరాలు మైక్రోసాఫ్ట్‌కి పంపేది), ఈ రెండూ ఇంటి కంప్యూటర్‌లో ఆపినా ఎవరూ ఏడవరు. ఫ్యాక్స్, ఎక్స్‌బాక్స్ పేరుతో ఉన్నవి, రిమోట్ రిజిస్ట్రీ, వీటిని ప్రతి లిస్టులోనూ రాస్తారు గానీ అవి మాన్యువల్‌లోనో డిసేబుల్డ్‌లోనో ముందే ఉంటాయి, టైమ్ వేస్ట్.

చెయ్యి పెట్టకూడనివి: రిమోట్ ప్రొసీజర్ కాల్, డీకామ్ సర్వర్ ప్రాసెస్ లాంచర్, ప్లగ్ అండ్ ప్లే, విండోస్ ఆడియో, డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ (నా వైఫై పోయింది దీనివల్లే), డీహెచ్‌సీపీ క్లయింట్, క్రిప్టోగ్రాఫిక్ సర్వీసెస్, ఫైర్‌వాల్, యూజర్ ప్రొఫైల్ సర్వీస్. విండోస్ అప్‌డేట్ కూడా. అప్‌డేట్ నడుస్తున్నప్పుడు మెషీన్ నత్తలా అవుతుంది నిజమే, మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ అని పైకొచ్చి కూర్చుంటుంది, దాన్ని ఆపకండి, ఒక రాత్రి ఆన్‌లో వదిలేస్తే పని ముగించుకుని పోతుంది. యాంటీమాల్‌వేర్ సర్వీస్ కూడా అంతే, స్కాన్ అయ్యేదాకే ఆ హడావిడి.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి, కాగితం మీద రాయండి, తర్వాత రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. ఎందుకంటే విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటొచ్చింది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నలూ (విండోస్ గుండెకాయ లాంటి భాగం) సర్వీసులూ ఉన్న స్థితిని డిస్క్ మీద దాచిపెట్టి మర్నాడు అక్కడినుంచే లేస్తుంది, అసలు శుభ్రంగా మొదలయ్యేది రీస్టార్ట్ కొట్టినప్పుడే. తర్వాత ఒకటి రెండు రోజులు మామూలుగా వాడండి, అంతా బాగుంటే ఇంకోటి.

ఏదైనా తేడా కొట్టి డెస్క్‌టాప్ దాకా రాకపోతే లాగిన్ స్క్రీన్‌లో పవర్ గుర్తు దగ్గర షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, అప్పుడొచ్చే లిస్టులో 4 నొక్కితే సేఫ్ మోడ్. అందులో సర్వీసెస్ తెరిచి, కాగితం చూసి పాత సెట్టింగ్ పెట్టేయండి. అదీ కుదరకపోతే అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో సిస్టమ్ రీస్టోర్ ఉంటుంది, మొదట్లో పెట్టుకున్న పాయింట్ అప్పుడు అక్కరకొస్తుంది.

ఇంత చేశాక మళ్లీ పది నిమిషాలు వదిలేసి టాస్క్ మేనేజర్ చూసి మొదట రాసుకున్న పేర్లతో పోల్చుకోండి. ఇంకా డిస్క్ 100 దగ్గరే ఉంటే పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ 0 దగ్గర హెచ్‌డీడీ (పాత హార్డ్ డిస్క్) అని ఉందా ఎస్ఎస్‌డీ అని ఉందా చూడండి. హెచ్‌డీడీ అని ఉంటే సర్వీసుల జోలి ఇక వదిలేసి ఆ డిస్క్ మార్చే సంగతి చూసుకోండి.