కరెంటు పోతే ఫైలు ఖాళీ (నా అనుభవం)

మిర్యాలగూడల మా బావ రైస్ మిల్లుకు కాటా లెక్కల ప్రోగ్రాం నేనే చేసిచ్చిన, లినక్స్ మీద, మంచిగనే నడుస్తుండె కానీ కరెంటు పోయినప్పుడు ఒక్కోసారి ఫైలు జీరో బైట్లు. "ఏంది బామ్మర్ది, వడ్ల లెక్క ఏడికి పోయింది" అని బావ ఒకటే లొల్లి. డిస్క్ ఖరాబైందనుకుని కొత్త ఎస్ఎస్‌డీ కొనిపిచ్చిన, దండగ. అసలు సంగతేందంటే ప్రోగ్రాంల రైట్ (ఫైలుల రాసే కమాండ్) కొట్టంగనే డేటా డిస్కులకు పోదు, ర్యామ్‌ల పేజ్ క్యాష్‌లనే కూసుంటది (డిస్కుకు పోయే ముందు డేటా ఆగే జాగ, కరెంటు పోతే అండ్ల ఉన్నది పోతది), మామూలుగ 30 సెకన్ల దాకా గూడ, నేనేమో పాత ఫైలు ఖాళీ చేసి దాని మీదనే రాస్తున్న, నడుమ కరెంటు పోతే ఖాళీ ఫైలే మిగిలేది. ఇప్పుడు అదే ఫోల్డర్ల టెంప్ (తాత్కాలిక) ఫైలు రాసి, ఎఫ్‌సింక్ కొట్టి (డేటాను ఇప్పుడే డిస్కుల రాయమనే కమాండ్), ఎర్రర్ రాలేదని చూసినంకనే దానికి పాత ఫైలు పేరు పెట్టుడు (రీనేమ్), ఆ తర్వాత ఫోల్డర్‌కు గూడ ఎఫ్‌సింక్ (ఇది నేను మొదట మరిచిన). వానాకాలమంత కరెంటు పోవుడు వచ్చుడే, ఫైలు మాత్రం మళ్ల ఖాళీ కాలే.