ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్‌కి కాథెటర్ ఎలా ఎంచుకోవాలి, పక్కన ట్రేలో ఏం పెట్టుకోవాలి

కొత్తగా ఐవీఎఫ్ సెంటర్ మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది "ఏ కంపెనీ కాథెటర్ తెప్పించాలి?" అని. కంపెనీ సంగతి తర్వాత, ముందు అది మెత్తగా ఉందా లేదా చూడండి. అన్ని రోజుల ఇంజెక్షన్లు, అండాల సేకరణ, ల్యాబ్‌లో ఐదు రోజుల పెంపకం అయ్యాక పిండం గర్భాశయానికి చేరేది ఆ సన్నని గొట్టంలోంచే, కాబట్టి డబ్బు ఆదా చేసుకునే చోటు ఇది కాదు.

గట్టి కాథెటర్ గర్భాశయం లోపలి పొరను గీరుతుంది, రక్తం వస్తుంది, గర్భాశయం ముడుచుకోవడం మొదలవుతుంది. మెత్తటిదే వాడమని 2017లో అమెరికన్ సొసైటీ ఫర్ రిప్రొడక్టివ్ మెడిసిన్ మార్గదర్శకాల్లో కూడా చెప్పారు. శాంపిల్ ప్యాకెట్ ఒకటి విప్పి కొసను వేలికి ఆనించి నెట్టి చూడండి, గుచ్చుకోకుండా ఉడికిన సేమ్యాలా పక్కకు ఒరిగిపోవాలి. అంచు ఎక్కడా గరుకుగా తగలకూడదు.

అయితే అంత మెత్తటిది గర్భాశయ ముఖద్వారం వంకరగా ఉన్నవాళ్లలో లోపలికి వెళ్లదు. అందుకే ఒక్క రకమే కొనకండి. ఎక్కువమందికి సరిపోయే మెత్తటి రకం, దాంతోపాటు వంచితే ఆ వంపు నిలబడే స్టైలెట్ (లోపల దూర్చే సన్నని కడ్డీ) ఉన్నది కొన్ని. స్టైలెట్‌తో పైగొట్టాన్ని దారిలో పెట్టి, స్టైలెట్ తీసేశాక పిండం ఉన్న లోపలి గొట్టాన్ని దాంట్లోంచి పంపుతారు, కాబట్టి ఆ రెండు గొట్టాలూ ఒకదానికొకటి సరిపోయేవేనా అని ముందే చూసుకోవాలి. ఎవరికి ఏది కావాలో తేలేది పిండం లేకుండా ముందే చేసి చూసే మాక్ ట్రాన్స్‌ఫర్‌లో. లోతు ఎన్ని సెంటీమీటర్లు, వంపు ఎటు అన్నది ఆ రోజే కేస్ షీట్‌లో రాసేయండి. అసలు రోజున, మూత్రం ఆపుకుని టెన్షన్‌తో టేబుల్ మీద పడుకున్న అమ్మాయి ముందు మనం ప్యాకెట్లు వెతుక్కోవడం ఏమాత్రం బాగోదు.

కొస స్కానింగ్‌లో మెరిసే రకాలు కూడా దొరుకుతాయి. వాటివల్లే ఫలితాలు పెరుగుతాయని నేను చెప్పను, కానీ స్క్రీన్ మీద కొస కోసం వెతుకులాట తగ్గుతుంది. గర్భాశయం పైగోడకు 1 సెంటీమీటర్ కంటే ఎక్కువ దూరంలో పిండాన్ని వదలాలి కదా, అప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

ప్యాకెట్ మీద ఎలుక పిండాలతో చేసిన పరీక్ష ఫలితం, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషపదార్థం) పరిమితి, స్టెరైల్ గుర్తు, ఎక్స్‌పైరీ ఉన్నాయేమో చదవండి. ఒక్కసారి వాడి పారేసేదాన్ని మళ్లీ స్టెరిలైజ్ చేసి వాడే ఆలోచనే వద్దు.

సిరంజిని చాలామంది పట్టించుకోరు. 1 మిల్లీలీటరుది, ప్లంజర్‌కి రబ్బరు లేనిది, పిండాలకు హాని చేయదని పరీక్షించినది కావాలి. ఎంబ్రియాలజిస్ట్ చేతికే ఇచ్చి మీడియాతో (పిండాలను పెంచే ద్రవం) నాలుగైదుసార్లు లాగి వదిలి చూడమనండి. సన్నని గొట్టంలో ఒక గాలి బుడగ, పిండం ఉన్న చుక్క, మళ్లీ ఒక గాలి బుడగ, అంతా కలిపి కొద్ది మైక్రోలీటర్లు మాత్రమే. ప్లంజర్ ఎక్కడైనా పట్టేసి ఒక్కసారిగా జారిందంటే ఆ చుక్క అనుకున్న చోట పడదు. సవ్యంగా పడితే స్క్రీన్ మీద చిన్న తెల్లటి మెరుపు కనిపిస్తుంది, అది ఆ దంపతులకు కూడా చూపించండి.

మిగతావి మామూలే: యోనిని తెరిచి ఉంచే రెండు మూడు సైజుల స్పెక్యులమ్‌లు, గోరువెచ్చగా చేసి, పౌడర్ లేని గ్లవ్స్, ముఖద్వారం దగ్గరి జిగురు తుడవడానికి మెత్తటి స్వాబ్. వల్సెల్లమ్ (ముఖద్వారాన్ని పట్టుకునే పటకారు) దగ్గరలో ఉంచుకోండి కానీ తప్పనిసరైతేనే ముట్టుకోండి, దాంతో పట్టుకుంటే గర్భాశయం ముడుచుకుంటుంది.

పని అయ్యాక కాథెటర్ నేరుగా ల్యాబ్‌కే వెళ్లాలి. పిండం లోపలే ఉండిపోయిందేమో, కొసకు రక్తం అంటిందేమో మైక్రోస్కోప్ కింద చూశాకే ఆమెను టేబుల్ దిగనివ్వండి. ప్యాకెట్ మీది లాట్ నంబర్ స్టిక్కర్ కేస్ షీట్‌కి అంటించండి.