అమెరికా ఇంట్లో ఎలక్ట్రిక్ రేంజ్: బ్రేకర్, వైరు, ప్లగ్ చిక్కులు

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు వంటగది మార్చుకునేటప్పుడు ఎక్కువగా తికమకపడేది రేంజ్ సర్క్యూట్ దగ్గరే. రేంజ్ అంటే కింద ఓవెన్, పైన నాలుగైదు బర్నర్లు ఉండే పెద్ద స్టవ్. అక్కడి ఇళ్ల వైరింగ్‌కి ఆధారం నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. మూడేళ్లకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది కానీ, ఏది అమల్లో ఉందన్నది రాష్ట్రాన్ని బట్టి, కొన్నిచోట్ల ఊరిని బట్టి మారుతుంది. మీ ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌ని ముందు ఆ సంగతే అడగండి. కింద చెప్పే ఏ పనికైనా బ్రేకర్ ఆఫ్ చేసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే కవర్ విప్పాలి.

సమస్య: రేంజ్ 12 కిలోవాట్లు, బ్రేకర్ 40 ఆంపియర్లే. సరిపోతుందా?

12,000 వాట్లని రేంజ్‌కి వచ్చే 240 వోల్టులతో భాగిస్తే 50 ఆంపియర్లు వస్తుంది. దాంతో 40 బ్రేకర్ తప్పేమోనని టెన్షన్ మొదలవుతుంది. కానీ కోడ్ రేంజ్‌కి ఇలా లెక్కకట్టదు. అన్ని బర్నర్లూ, ఓవెనూ ఒకేసారి ఫుల్‌లో చాలాసేపు నడవడం అరుదు. వేడెక్కాక థర్మోస్టాట్ కరెంటును ఆపుతూ, ఇస్తూ ఉంటుంది. అందుకే 220.55 పట్టిక 12 కిలోవాట్ల వరకు ఉన్న ఒక్క రేంజ్‌ని 8 కిలోవాట్లుగా లెక్కేయనిస్తుంది. అంటే సుమారు 33 ఆంపియర్లు. 8.75 కిలోవాట్లు, ఆపైన ఉన్న రేంజ్‌కి సర్క్యూట్ కనీసం 40 ఉండాలని 210.19 చెబుతుంది. కాబట్టి కోడ్ లెక్కలో 40 సరైనదే.

12 దాటితే, పైన ఉన్న ప్రతి కిలోవాట్‌కీ ఆ 8కి 5 శాతం కలపాలి. 16 కిలోవాట్ల రేంజ్‌కి 20 శాతం కలిపితే 9.6 కిలోవాట్లు, సరిగ్గా 40 ఆంపియర్లు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కంపెనీ ఇన్‌స్టలేషన్ మాన్యువల్‌లో 50 కావాలని రాసి ఉంటే 50 పెట్టాల్సిందే. ఆ సూచనలు పాటించాలన్నది కూడా కోడ్ నియమమే, 110.3లో ఉంది. ఇండక్షన్ రేంజ్ కొనేవాళ్లు బిల్లు కట్టకముందే ఆ పేజీ చదవాలి.

కుక్‌టాప్, గోడ ఓవెన్ విడివిడి సర్క్యూట్ల మీద ఉంటే ఈ తగ్గింపు లేదు. 7.2 కిలోవాట్ల కుక్‌టాప్‌కి 30 ఆంపియర్లు, 4.8 కిలోవాట్ల ఓవెన్‌కి 20, అలా పూర్తిగా లెక్కేయాలి. రెండూ ఒకే గదిలో, ఒకే సర్క్యూట్ మీద ఉంటే మాత్రం కలిపి 12 కిలోవాట్ల ఒక్క రేంజ్‌గా చూస్తారు. అప్పుడు 40 చాలు.

సమస్య: పండగ వంట మధ్యలో బ్రేకర్ పడిపోతోంది

"40 తీసేసి 50 పెట్టెయ్, అయిపోతుంది" అనే సలహా తప్పకుండా వస్తుంది. దయచేసి వినకండి. బ్రేకర్ కాపాడేది స్టవ్‌ని కాదు, గోడలో ఉన్న వైరుని. వైరు లావుని గేజ్ అంకెతో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ వైరు లావు. ఇళ్లలో వాడే మామూలు రాగి కేబుల్ అయితే 10 గేజ్ 30 ఆంపియర్లకి, 8 గేజ్ 40కి సరిపోతుంది. 50 బ్రేకర్‌కి 6 గేజ్ ఉండాలి. అల్యూమినియం అయితే 6 గేజ్ కూడా 40కే. 8 గేజ్ రాగి మీద 50 బ్రేకర్ పెడితే, గోడలో వైరు కాగుతున్నా అది పడదు.

సాకెట్ మీద 50 అని ఉంది కదా అని మోసపోకండి. 40 సర్క్యూట్ మీద 50 సాకెట్ పెట్టడానికి కోడ్ ఒప్పుకుంటుంది. కేబుల్ పైతొడుగు మీద అచ్చువేసిన గేజ్ చూడాలి. సాకెట్ నల్లబడినా, ప్లగ్ కాలుతున్నట్టు వేడెక్కినా తప్పు వదులైన స్క్రూదే కావచ్చు. దాన్ని సరిచేయించాక కూడా బ్రేకర్ పడుతుంటే 6 గేజ్ కేబుల్, 50 బ్రేకర్ రెండూ కలిపి మార్పించండి.

సమస్య: ప్లగ్‌కి నాలుగు కాళ్లు, గోడలో మూడే రంధ్రాలు. లేదా రేంజ్ ముట్టుకుంటే షాక్

కోడ్ 1996 ఎడిషన్‌కి ముందు రేంజ్ బాడీని న్యూట్రల్‌కే కలిపేవాళ్లు, అందుకే పాత సాకెట్లకి మూడే రంధ్రాలు. పాత సర్క్యూట్‌ని కొన్ని షరతుల మీద అలాగే వాడుకోవచ్చు. కొత్తగా లాగే సర్క్యూట్‌కి మాత్రం నాలుగు వైర్లు ఉండాల్సిందే. మూడు వైర్ల పద్ధతిలో న్యూట్రల్ ఎక్కడైనా ఊడితే స్టవ్ బాడీకి 120 వోల్టులు వస్తాయి. పిల్లలు తిరిగే ఇంట్లో, తడిచేత్తో వంట చేసే చోట, నేనైతే కొత్త కేబుల్ లాగించమనే చెబుతాను.

రేంజ్ వెనక చిన్న రేకు మూత తీస్తే వైర్లు బిగించే స్క్రూలు వరసగా కనిపిస్తాయి. నడిమి స్క్రూ నుంచి బాడీకి ఒక రాగి పట్టీ ఉంటుంది. రేంజ్ నుంచి సాకెట్‌కి వెళ్లే ప్లగ్ వైరు (కార్డు) మూడు వైర్లది అయితే అది ఉండాలి. నాలుగు వైర్ల కార్డు అయితే తీసేసి, ఆకుపచ్చ వైరుని బాడీకి బిగించాలి.

సమస్య: గడియారం వెలుగుతోంది, ఏ బర్నరూ వేడెక్కట్లేదు

రేంజ్‌కి వచ్చే రెండు 120 వోల్టుల లైన్లలో ఒకటి పోయి ఉండొచ్చు. గడియారానికి 120 చాలు, బర్నర్‌కి 240 కావాలి. సాకెట్ దగ్గర రెండు లైన్ల మధ్య 240 రాకపోతే బ్రేకర్‌గానీ, వదులైన వైరుగానీ కారణం. ఈ కొలత ఎలక్ట్రీషియన్ చేతే తీయించండి. అపార్ట్‌మెంట్‌లో అన్నీ పనిచేస్తూ కాస్త నిదానంగా కాగుతుంటే అక్కడ సప్లై 208 వోల్టులు అయ్యుండొచ్చు. అప్పుడు వచ్చే వేడి దాదాపు 75 శాతమే. అది లోపం కాదు.

సమస్య: కొత్త జీఎఫ్‌సీఐ బ్రేకర్ వెంటనే పడుతోంది

జీఎఫ్‌సీఐ అంటే కరెంటు గ్రౌండ్‌కి లీకైతే వెంటనే ఆపేసే రక్షణ. కోడ్ 2023 ఎడిషన్ రేంజ్‌లకీ దీన్ని అడుగుతోంది. ముందుగా అనుమానించాల్సింది పైన చెప్పిన రాగి పట్టీనే. నాలుగు వైర్ల కార్డుతో దాన్ని వదిలేస్తే న్యూట్రల్ కరెంటు కొంత గ్రౌండ్ దారి పడుతుంది, బ్రేకర్ దాన్ని లీకేజీగా చూస్తుంది. పట్టీ తీసినా పడుతుంటే బర్నర్లు, ఓవెన్ ఒక్కొక్కటే వేసి చూడండి. దేనితో పడితే ఆ ఎలిమెంట్‌లోనే లీకేజీ ఉండే అవకాశం ఎక్కువ, దాన్ని మార్పించాలి.