పంద్రాగస్టు పిరమిడ్‌కు ముందు: పైకెక్కే పిల్ల, కింద నిలిచే జట్టు పాటించవలసిన జాగ్రత్తలు

జూన్ 12న బడులు తెరిచిన నాటి నుంచి పంద్రాగస్టుకు తొమ్మిది వారాల వ్యవధి ఉన్నప్పటికీ, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని చాలా పాఠశాలల్లో పిరమిడ్ల సాధన ఆగస్టు మొదటి వారంలోనే, అదీ ఆశ్లేష కార్తె వానలకు మైదానం తడిసి ఉన్నప్పుడే మొదలవుతుంది. ఒకప్పుడు మోకాళ్ల మీద వంగిన పిల్లల వీపుల మీద మరికొందరు ఎక్కే పిరమిడ్‌తో సరిపెట్టుకునేవారు. ఇప్పుడు ఫోన్లలో చీర్‌లీడింగ్, అంటే జట్టుగా మనుషులను ఎత్తి నిలబెట్టే విన్యాసాల క్రీడ, వీడియోలు చూసిన పిల్లలు, ఇద్దరి అరచేతుల మీద ఒక అమ్మాయి నిలువుగా నిలబడే విన్యాసాన్ని కోరుతున్నారు. కోరడంలో తప్పు లేదు. కానీ 1898లో మినసోటా విశ్వవిద్యాలయపు మైదానంలో నినాదాలతో మొదలై, 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు పొందేదాకా ఎదిగిన ఆ క్రీడలో, కింది మెట్టు పూర్తిగా వశమైతే తప్ప పై మెట్టుకు వెళ్లకూడదన్న క్రమశిక్షణ ఉన్నదని, వీడియోలో కనిపించే అర నిమిషం వెనుక నెలల తరబడి సాధన ఉన్నదని పిల్లలకు ముందే చెప్పాలి.

సాధనలో మొదటి రోజు నేర్పవలసింది ఎక్కడం కాదు, దిగడం. నేను దేవరకొండ ప్రాంతంలోని ఒక బడిలో పనిచేసిన రోజుల్లో, పిరమిడ్ చక్కగా నిలిచి, చప్పట్లు కూడా మోగిన తరువాత, పైనున్న పిల్ల ఎవరికీ చెప్పకుండా ముందుకు దూకింది. ఆమె మడమ బెణకడమే కాక, తోపుకు కింది వరుసలోని పిల్ల మెడ కూడా పట్టేసింది. దిగే వరుసను నేను నేర్పకపోవడమే దానికి కారణం. పై పిల్ల దిగే దాకా కింది వారెవరూ కదలకూడదు. ఆమె ఇద్దరి చేతులు పట్టుకుని, ఎక్కిన దారినే వెనక్కి దిగి, రెండు పాదాలూ ఒకేసారి మోపి, మోకాళ్లు కొంచెం వంచి నేలకు రావాలి. చీర్‌లీడింగ్ పద్ధతిలో ఒడిలోకి పట్టుకునే దిగుడు నేర్పదలిస్తే, పై పిల్ల వెల్లకిలా, కాళ్లు దగ్గరగా బిగించి, నడుము దగ్గర కొద్దిగా మాత్రమే ముడుచుకుని రావాలి. చేతులను నేల వైపు చాచకుండా పట్టేవారి భుజాల మీదుగా వేయాలి, ఎందుకంటే పడేటప్పుడు చేయి ఆనించడం వల్లనే మణికట్టు, మోచేయి విరుగుతాయి. వెనుక నిలబడిన మనిషి ఆమె చంకల కింద చేతులు వేసి తలనూ మెడనూ కాపాడాలి.

ఇక పైన నిలబడే పిల్ల, అంటే ఫ్లయర్, సంగతి. ఊగినప్పుడల్లా తనను తాను సర్దుకోవడమే ఆమె పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆమె పని కదలకుండా బిగిసి నిలబడడం, ఆమె కింద సమతూకం వెతకడం మోసేవారి పని. ఆమె నడుము వంచి ఒక పక్కకు ఒరిగితే కింది ఇద్దరిలో ఒకరి చేతి మీద బరువు ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ చేయి దిగుతుంది, దానితో ఆమె మరింత ఒరుగుతుంది. అందువల్ల మోకాళ్లు చాచి, పిరుదులను, పొట్టను బిగించి, ఛాతీ ఎత్తి, చూపును ఎదురుగా కంటి ఎత్తులో ఉన్న ఒక గుర్తు మీద, బడి గేటు మీదనో వేపచెట్టు కొమ్మ మీదనో, నిలపాలి. కింద పాదాలను చూడాలన్న కోరికను ఆపుకోవడమే అన్నింటికన్నా కష్టం. తల వంగితే భుజాలు వంగుతాయి, భుజాల వెంట నడుము వంగుతుంది. ఎక్కేటప్పుడు మోసేవారి భుజాల మీద తన చేతులతో గట్టిగా నొక్కి సగం బరువు తానే మోసుకోవాలి. పైకి వెళ్లాక పాదాలు ఒకదాని నుంచి ఒకటి దూరం జరగకుండా లోపలికి పట్టి ఉంచాలి.

ఈ బిగువును నేల మీదే సాధించవచ్చు. మడత పెట్టిన దుప్పటి మీద ఒంటికాలిపై 30 సెకన్లు నిలబడడం, మోచేతుల మీద ప్లాంక్ చేయడం, అంటే మోచేతులు, కాలివేళ్లు మాత్రమే నేలకు ఆనించి ఒంటిని బోర్లా కర్రలా బిగించి ఉంచడం, బల్ల మీద నిలబడి పక్కనుంచి ఒకరు మెల్లగా తోస్తుంటే నడుము కదలకుండా ఉండడం వంటివి రోజూ పదిహేను నిమిషాలు చేయించినా తేడా కనిపిస్తుంది. తరువాత మోసేవారు నేల మీద కూర్చుని, అరచేతులు చీలమండల ఎత్తులో ఉంచి ఆమెను నిలబెట్టాలి. ఆ తరువాత తొడల మీద, ఆపైన భుజాల ఎత్తుకు వెళ్లాలి. వరుసగా పదిసార్లు ఊగకుండా నిలిస్తేనే నేను తరువాతి ఎత్తుకు ఒప్పుకుంటాను. తలపైకి చేతులు చాచి నిలబెట్టే విన్యాసం బడి పిల్లలకు అవసరమే లేదన్నది నా అభిప్రాయం.

పైకెక్కించడానికి అందరికన్నా చిన్న పిల్లను, తరచుగా నాలుగో తరగతి పిల్లను, తేలికగా ఉంటుందని ఎంచుకోవడం మన బడుల్లో అలవాటు. అంత చిన్న వయసులో భయాన్ని ఆపుకుని ఒంటిని బిగించడం కష్టం. మహారాష్ట్రలో దహీ హండీకి, అంటే మనుషుల పిరమిడ్ కట్టి ఉట్టి కొట్టే వేడుకకు, 14 ఏళ్ల లోపు పిల్లలను ఎక్కించబోమని ప్రభుత్వమే 2017లో బొంబాయి హైకోర్టుకు చెప్పవలసి వచ్చింది. చెప్పిన మాట వినే, బెదరని, "నాకు భయంగా ఉన్నది సార్" అని నోరు విప్పి చెప్పగలిగే పెద్ద తరగతి పిల్ల ఆ చిన్న పిల్లకన్నా రెండు కిలోలు ఎక్కువ బరువున్నా మేలే. బరువు తగ్గమని ఆ పిల్లను పస్తు పెట్టించే మాట ఎవరి నోటా రాకూడదు.

కింది వారి మీద పడే భారాన్ని లెక్క వేసి చూడడం మంచిది. నాలుగు, మూడు, రెండు, ఒకటి వరుసల పిరమిడ్‌లో అందరూ 40 కిలోల వారే అనుకుని, ఒక్కొక్కరి బరువు కింది ఇద్దరికీ సమానంగా పడుతుందని లెక్కిస్తే, అడుగు వరుసలో చివరలనున్న ఇద్దరి మీద 35 కిలోల చొప్పున, నడుమనున్న ఇద్దరి మీద 85 కిలోల చొప్పున భారం పడుతుంది. కనుక బలమైన వారిని నడుమ ఉంచాలి. మోకాళ్లు, చేతులు పెట్టేవారు కింది వారి భుజాల మీద, తుంటి ఎముక మీద మాత్రమే పెట్టాలి, వెన్ను నడుమ ఎన్నడూ పెట్టకూడదు. నిలబడి మోసేవారు పాదాలు భుజాల వెడల్పున ఉంచి, ఒకరికొకరు దగ్గరగా నిలిచి, వీపు వంచకుండా కాళ్ల బలంతో లేపాలి. ఒక చేయి పాదం ముందు భాగం కింద, మరొకటి మడమ కింద ఉండాలి, చూపు ఎప్పుడూ పై పిల్ల మీదే ఉండాలి.

భుజాల ఎత్తు నుంచి జారిన పిల్ల నేలను తాకడానికి సుమారు అర సెకను మాత్రమే పడుతుంది. చేతులు కట్టుకుని నిలబడిన స్పాటర్, అంటే పడితే పట్టుకోవడానికి పక్కన నిలబడే మనిషి, ఆ వ్యవధిలో ఏమీ చేయలేరు. కాబట్టి ముందొకరు, వెనుకొకరు చేతులు పైకెత్తి సిద్ధంగా ఉండాలి. మొరం మైదానాన్ని, సిమెంటు గచ్చును సాధనకు వాడకూడదు. జిమ్నాస్టిక్ మ్యాట్లు లేని చోట హాస్టల్ పరుపులు వేస్తారు, అయితే వాటి మధ్య సందుల్లో పాదం ఇరుక్కుంటుంది కనుక తాళ్లతో ఒకదానికొకటి కట్టాలి. వరిగడ్డి పరిచి పైన టార్పాలిన్ కప్పితే మెత్తగానే ఉంటుంది కానీ, తడిస్తే జారుతుంది.

గాజులు, పట్టీలు, కమ్మలు, మెడలో దారాలు తీసేయాలి, చున్నీ విప్పాలి, జడను తల చుట్టూ బిగించి కట్టాలి. కొబ్బరినూనె అంటిన చేతులతోనూ, మూడు రంగుల పొడి పూసుకున్న చేతులతోనూ ఎవరినీ పట్టుకోకూడదు. జెండా పండుగ నాడు పిల్లలు తెల్లవారుజామునే ఏమీ తినకుండా వచ్చి రెండు గంటలు వరుసలో నిలబడి, ఆ తరువాత పిరమిడ్ ఎక్కుతారు. కళ్లు తిరగడానికి అంతకన్నా వేరే కారణం అక్కరలేదు. గంటన్నర ముందు ఇడ్లీయో ఉప్మాయో పెట్టించాలి. పై పిల్ల చేతిలో కర్ర జెండా ఉంటే దిగేటప్పుడు ఒక చేయి పనికిరాదు, కర్ర కంటికి తగిలే ప్రమాదమూ ఉన్నది. పిరమిడ్ నిలిచాక గుడ్డ జెండాను అందించి, దిగే ముందు తిరిగి తీసుకోవాలి.

జట్టులో లెక్క చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి. వెనుక నిలబడిన స్పాటర్ చెప్పడం మంచిది, ఆమెకే అందరూ కనిపిస్తారు. "దింపు" అనే మాట మాత్రం ఎవరైనా అనవచ్చు. అది వినిపించగానే కారణం అడగకుండా దింపాలి. అలా అన్న పిల్లను ఎవరూ వెక్కిరించకూడదు, వెక్కిరిస్తే మరుసటి రోజు చేయి జారుతున్నా ఆమె నోరు మెదపదు. మోసేవారిలో ఒకరు రాకపోతే ఆ రోజు ఎత్తు విన్యాసం మానుకోవాలి. కొత్త మనిషిని అప్పటికప్పుడు నిలబెట్టి చేయించడం కన్నా పెద్ద ప్రమాదం లేదు.

ఎవరైనా పడి, మెడ లేదా వెన్ను నొప్పి అన్నా, కాళ్లు చేతులు తిమ్మిరిగా ఉన్నాయన్నా, లేపి కూర్చోబెట్టకూడదు, ఆటోలో వేయకూడదు. తలను కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని వారి నోట్లో నీళ్లు పోయకూడదు. తలకు దెబ్బ తగిలిన పిల్ల బాగానే ఉన్నానన్నా ఆ రోజు మళ్లీ ఎక్కకూడదు. వాంతి, మగత, మాట తడబాటు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి, ఇంటివారికి కూడా ఈ లక్షణాలు చెప్పి పంపాలి.

పండుగ ఉదయం వాన పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది గనుక, తొడల ఎత్తుతోనే ముగిసే రెండో ప్రదర్శనను కూడా సాధన చేయించి ఉంచాలి. ఏది చేయాలో పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) మైదానంలో ఒకసారి నడిచి చూసి, జెండా ఎగరేయకముందే జట్టుకు చెప్పాలి. ఆ తరువాత వేదిక మీది అతిథి అడిగినా దానిని మార్చకూడదు.